మొదటి పుస్తకం ఏది?
(కొమర్రాజు లక్ష్మణరావుగారి జీవితం – కొన్ని పుస్తకాల ముచ్చట)

గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఈ సంచికను పుస్తకాలకే కేటాయిస్తున్నామనీ, పదవీ విరమణ తరువాత కొత్తగా చదవడం మొదలుపెట్టే సభ్యులకు మంచి పుస్తకాలేవో, మంచి రచయితలెవరో నాలుగు పేజీల్లో రాసి ఇమ్మనీ మన సంపాదకవర్గం వారు నన్ను కోరారు. పదేళ్ళుగా సంఘం పుస్తకాల బీరువా తాళంచెవి నా దగ్గర ఉండడమే ఇందుకు కారణం గాని నేను పండితుణ్ణి కాను. ముప్పయ్యారేళ్ళు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా ఫైళ్ళు తిరగేసినవాణ్ణి. జాబితాలు రాయడం నాకు అలవాటైన పనే. కాని జాబితా చూసి పుస్తకం పట్టినవాణ్ణి ఇంతవరకు నేను చూడలేదు. అందుచేత ముందుగా ఒక మనిషి జీవితం చెబుతాను. తెలుగు తప్ప మరో భాష రానివాడి చేతికి ఏ పుస్తకం ఇవ్వాలి అన్న ఒక్క ప్రశ్న మీద తన ఆయుర్దాయంలో సగం ఖర్చు పెట్టినవారు ఆయన. ఇవ్వడానికి పుస్తకం లేకపోతే రాయించి, అచ్చు వేయించి మరీ ఇచ్చారు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు. నా సిఫారసులు ఆ కథ మధ్యలోనే వస్తాయి.

పెనుగంచిప్రోలు అంటే మనలో చాలామందికి మునేటి ఒడ్డున తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళే గుర్తుకొస్తుంది. ఆ ఊరు నిన్న మొన్నటి దాకా కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. లక్ష్మణరావుగారు అక్కడే 1877 మే 18న పుట్టారు. మూడేళ్ళయినా నిండీ నిండకముందే తండ్రి వెంకటప్పయ్యగారు పోయారు. తల్లి గంగమాంబగారు. మూడేళ్ళు పెద్దదైన అక్క అచ్చమాంబ. ఆమెకు చిన్నతనంలోనే పెళ్ళయింది. భర్త భండారు మాధవరావుగారు నాగపూరు వైపు ఇంజనీరుగా పనిచేసేవారు. తండ్రి లేని పిల్లవాడు అక్కగారింట చేరి, నాగపూరులో చదువుకున్నాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి. లక్ష్మణరావుగారి గురించి రాసేవారు చాలామంది ఈ భాగం రెండు వాక్యాల్లో దాటేసి నేరుగా గ్రంథమండలి దగ్గరికి పోతారు. నా మటుకు ఆయన కథకు మూలం ఇక్కడే ఉంది. అచ్చమాంబగారు బడికి పోయి చదువుకున్నది లేదు. ఆడపిల్లకు చదువెందుకన్న రోజులు. తమ్ముడు ఇంట్లో కూర్చుని పాఠాలు చదువుకుంటుంటే ఆమె పక్కన చేరి అక్షరాలు నేర్చుకున్నారు. ముందు తెలుగు, తరువాత హిందీ, మరాఠీ. అంటే లక్ష్మణరావుగారు చదువు చెప్పిన మొదటి కొత్త పాఠకురాలు తన కన్న పెద్దదైన సొంత అక్క. ఇద్దరు బిడ్డలు పుట్టి దక్కకపోయిన ఇల్లాలు ఆమె. ఆ దుఃఖంలో పుస్తకాలు పట్టుకున్నారు. అలా మొదలుపెట్టిన మనిషి కొద్ది ఏళ్ళలోనే చరిత్రకెక్కిన భారత స్త్రీల జీవితాలు సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాల అనే గ్రంథం రాశారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు దాన్ని తమ చింతామణి పత్రిక ద్వారా వెలుగులోకి తెచ్చారు. 1902లో ఆమె రాసిన ధనత్రయోదశి కథ తెలుగులో తొలి కథల్లో ఒకటి. గురజాడవారి దిద్దుబాటు కంటే ఎనిమిదేళ్ళు ముందుది. ఇవాళ పరిశోధకులు ఆ సంగతి గట్టిగానే చెబుతున్నారు. మా చదువుకునే రోజుల్లో పాఠాల్లో ఆమె పేరే వినబడేది కాదు.

అక్షరం రాని ఒక ఇల్లాలు పదేళ్ళలో ఎంతదూరం పోగలదో తమ్ముడు కళ్ళారా చూశాడు. తరువాత ఆయన చేసిన పనులన్నీ చూస్తే, తన అక్కలాంటివాళ్ళు ఊరికి ఎంతమంది ఉంటారో లెక్క వేసుకున్నట్టే కనిపిస్తుంది. ఇది నా ఊహ. ఊహే అయినా తప్పనుకోను.

నాగపూరు చదువు వల్ల మరో మేలు జరిగింది. మరాఠీ ఆయనకు రెండో మాతృభాష అయింది. మరాఠీ పత్రికలకు వ్యాసాలు రాసేటంత పట్టు దొరికింది. మహారాష్ట్రలో అప్పటికే చరిత్ర పరిశోధన, గ్రంథమాలలు, శాస్త్ర విషయాల పుస్తకాలు దేశభాషలో వస్తున్నాయి. అక్కడి గుమాస్తా, అక్కడి బడిపంతులు తన భాషలో శివాజీ కాలం గురించి చదువుకుంటున్నాడు. మనవాడికి ఏముంది? పురాణాలు, ప్రబంధాలు, శతకాలు. అవి గొప్పవి కావని కాదు. భూమి ఎందుకు తిరుగుతుంది, కలరా ఎలా వస్తుంది, కాకతీయులు ఎవరు, పన్ను ఎందుకు కడుతున్నాం అని తెలుసుకోవాలనుకున్న మనిషికి తెలుగులో దారి లేదు. ఇంగ్లీషు రాకపోతే లోకం చీకటే. ఈ తేడా ఆయన రెండు వైపులా చూసినవారు కనుక ఎక్కువ బాధపెట్టి ఉండాలి.

ఎం.ఏ. పూర్తి చేశాక ఆయన మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారి దగ్గర దివానుగా చేరారు. మునగాల ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. అప్పట్లో నాలుగు వైపులా నైజాం రాజ్యం, మధ్యలో ఈ పరగణా మాత్రం కృష్ణా జిల్లా కింద బ్రిటిషువారి ఏలుబడిలో ఉండేది. మన శాఖ వారికి చెప్పనక్కర్లేదు, జమీందారీలో దివాను ఉద్యోగమంటే ఏమిటో. శిస్తులు, బాకీలు, రైతుల తగాదాలు, కోర్టు వ్యాజ్యాలు. పుస్తకాలు రాయడానికి తీరిక లేదని మనం చెప్పుకునే సాకులన్నీ ఆయనకూ ఉన్నాయి. జీతగాడిగా ఉంటూనే ఈ పనంతా చేశారు. మన సంఘం సంచికలో ఆయన కథ రాయడానికి అదొక కారణం కూడా. అయితే యజమాని మంచివాడు కావడం అదృష్టం. రంగారావుగారు దివాను పుస్తకాల పిచ్చిని అడ్డుకోకపోగా దానికి డబ్బు పెట్టారు.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో, రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ప్రారంభమైంది. ముందు నిలబడినవారిలో మునగాల రాజావారు, రావిచెట్టువారు, లక్ష్మణరావుగారు ముఖ్యులు. ఆయనకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. తెలుగు మాట్లాడేవారే ఎక్కువమంది అయినా తెలుగు బడులు తక్కువ, తెలుగు పత్రికలు తక్కువ, నలుగురు కూడి తెలుగులో ఒక సభ పెట్టుకోవాలన్నా సంకోచం. అలాంటి చోట ఒక గదిలో నాలుగు తెలుగు పుస్తకాలు పెట్టి, రండి చదువుకోండి అనడం చిన్న పని కాదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. సుల్తాన్‌బజారులో ఉన్న కృష్ణదేవరాయ భాషానిలయం నూరేళ్ళు దాటిన సంస్థ. హైదరాబాదు వెళ్ళే సభ్యులు కోఠీలో కొనుగోళ్ళు ముగించుకుని అటు ఒకసారి తొంగి చూడండి.

గ్రంథాలయం పెట్టడంతో అసలు చిక్కు బయటపడింది. బీరువాలు వచ్చాయి, పాఠకులూ వచ్చారు. వాళ్ళకివ్వడానికి పుస్తకాలేవి? 1905లో అచ్చమాంబగారు ముప్పయ్యేళ్ళకే కన్నుమూశారు. మరుసటి సంవత్సరం, 1906లో, లక్ష్మణరావుగారు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, ఆచంట లక్ష్మీపతిగారు ఆయనకు తోడు. 1908లో మండలి మద్రాసుకు మారింది.

ఈ మండలి పద్ధతి చూడండి. ముందు చందాదారులను చేర్చుకోవడం, వాళ్ళకు వరుసగా పుస్తకాలు పంపడం. చరిత్రలు, జీవిత చరిత్రలు, శాస్త్ర గ్రంథాలు, మధ్య మధ్య నవలలు. పండితుల కోసం కాదు, చదవడం వచ్చిన ప్రతివాడి కోసం. భాష గ్రాంథికమే, కాని సులభమైన గ్రాంథికం. ఏ విషయం తెలిసినవాడి చేత ఆ విషయం రాయించడం. వైద్యం చదివిన లక్ష్మీపతిగారి చేత జీవశాస్త్రం, కట్టమంచి రామలింగారెడ్డిగారి చేత అర్థశాస్త్రం, చిలుకూరి వీరభద్రరావుగారి చేత ఆంధ్రుల చరిత్ర రాయించారు. ఆంధ్రుల చరిత్ర మొదటి భాగం 1910లో వచ్చింది. తమకొక చరిత్ర ఉందని తెలుగువాళ్ళకు తెలియజెప్పిన పుస్తకం అది. తరువాత లేచిన ఆంధ్రోద్యమానికి ఆ పుస్తకం ఎంత బలమిచ్చిందో చరిత్రకారులు చెబుతూనే ఉన్నారు. లక్ష్మణరావుగారు స్వయంగా శివాజీ చరిత్ర, హిందూ దేశ చరిత్ర భాగాలు రాశారు. ఆ చరిత్రను హిందూయుగం, మహమ్మదీయయుగం అని విడదీశారు. అది ఆనాటి ఇంగ్లీషు చరిత్రకారుల విభజన, ఈనాటి చరిత్రకారులు ఒప్పుకోరు. ఆయన పుస్తకం చదివేటప్పుడు ఆ సంగతి మనసులో పెట్టుకోవాలి.

మండలి మొట్టమొదట వేసిన పుస్తకం ఏదో తెలుసా? 1907లో వచ్చిన అబ్రహాము లింకను జీవితం. రాసింది గాడిచర్లవారు. రామాయణ భారతాలు కాదు, కృష్ణదేవరాయలు కాదు, ఏడు సముద్రాల అవతల పుట్టిన ఒక వడ్రంగి కొడుకు కథ. మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు నాకు వింతగా తోచింది. ఆలోచించిన కొద్దీ ఇంతకంటే తెలివైన ఎంపిక లేదనిపించింది. లింకను బడిలో గడిపిన కాలం మొత్తం కలిపితే ఏడాది కూడా లేదు. పుస్తకాలు అరువు తెచ్చుకుని పొయ్యి వెలుతురులో చదువుకున్నాడు. చదువు లేని ఇంట్లో పుట్టి చదువుతోనే పైకొచ్చాడు, మనుషులను పశువుల్లా అమ్మే వ్యాపారాన్ని ఆపాడు. కొత్తగా చదివేవాడికి ఇదే కావలసింది. తనలాంటివాడు ఇలాగే మొదలుపెట్టాడన్న ధైర్యం. పైగా పరాయి పాలనలో ఉన్న దేశంలో బానిసత్వం పోగొట్టిన కథ చదివితే ఆ చదువు ఎటు తీసుకుపోతుందో రాసినవారికి తెలియకపోలేదు. మరుసటి ఏడే గాడిచర్లవారు పత్రికలో రాసిన రాతకు జైలుకు వెళ్ళారు.

నా సిఫారసు ఇక్కడే చెబుతాను. కొత్త పాఠకుడికి మొదట ఒక జీవితం ఇవ్వండి. సాధ్యమైతే స్వయంగా రాసుకున్నది.

మన సంఘంలో జీపు డ్రైవరుగా రిటైరైన సభ్యులొకరున్నారు. భార్య పోయిన రెండో నెలలో, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, ఏదైనా చదువుకుంటానని ఒక పెద్దమనిషిని అడిగితే, ఆయన టీకాతాత్పర్యాలున్న ప్రబంధం ఒకటి చేతిలో పెట్టారు. మూడో రోజు ఆ పుస్తకం తిరిగి వచ్చేసింది. చదువు తన నుదుట రాసిపెట్టి లేదని ఆయన అనుకున్నాడు. నాలుగైదు నెలలు బీరువా వైపు రాలేదు. మనిషి బాగా చిక్కిపోయాడు. సాయంత్రాలు బస్టాండు బల్ల మీద ఒక్కడే కూర్చునేవాడు. తరువాత ఒకనాడు నేను టంగుటూరి ప్రకాశం పంతులుగారి నా జీవితయాత్ర ఇచ్చాను. తండ్రి పోతే తల్లి ఒంగోలులో భోజనం పెట్టే ఇల్లు నడుపుకుంటూ పెంచిన పిల్లవాడు బారిష్టరై, సంపాదించినదంతా దేశానికి పోసి, ముఖ్యమంత్రి కూడా అయిన కథ. ఆ పుస్తకం నలభై రోజులు ఆయన దగ్గరే ఉంది. వాపసు ఇస్తూ, ఇలాంటిదే ఇంకొకటి ఉందా అని అడిగాడు. ప్రబంధం ఇచ్చిన పెద్దమనిషి మీద నాకు కోపం లేదు, ఆయన తనకు ఇష్టమైనది ఇచ్చారు. కాని సిఫారసు చేసేటప్పుడు చూడవలసింది మన ఇష్టం కాదు, ఎదుటివాడి ఆకలి. లక్ష్మణరావుగారు పట్టుకున్న సూత్రం అదే.

ఇంకొకటి అడిగితే ఇవ్వడానికి ఉన్నాయి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి అనుభవాలూ జ్ఞాపకాలూనూ నా ప్రాణం. వేదం చదువుకోవలసిన ఇంటి పిల్లవాడు తెలుగు రాయడానికి ఎన్ని యుద్ధాలు చేశాడో అందులో ఉంది. ఇంట్లో మాట్లాడుకున్నట్టుండే అంతటి తెలుగు మరొకరు రాయలేదని నా అభిప్రాయం. తిరుమల రామచంద్రగారి హంపీ నుంచి హరప్పా దాకా ఉంది, దాశరథి రంగాచార్యగారి జీవనయానం ఉంది. వీరేశలింగం పంతులుగారి స్వీయచరిత్రము గొప్పదే గాని భాష కాస్త బరువు, నాలుగో పుస్తకంగానో అయిదో పుస్తకంగానో తీసుకోండి.

జీవితాల తరువాత చరిత్ర. రాజుల వంశావళి ఎవరికీ వద్దు. సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర తీయండి. 1949లో వచ్చింది. 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి దానికే. మన పూర్వులు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పన్నులు కట్టారు అన్నీ పాత కావ్యాల్లోంచి ఏరి పెట్టారు. పైన చెప్పిన డ్రైవరుగారు దీన్ని రెండుసార్లు చదివారు. ఆటల భాగం మనవలకు చెప్పడానికి విడిగా రాసుకున్నారు కూడా.

నవలల సంగతి వచ్చేసరికి మండలి వారు మంచి ఉపాయం చేశారు. శాస్త్ర పుస్తకాల మధ్య నవలలు కలిపి పంపారు, నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చారు. భోగరాజు నారాయణమూర్తిగారి విమలాదేవి లాంటి చారిత్రక నవలలు అలా వచ్చినవే. కథ కోసం పుస్తకం విప్పినవాడు రేపు రసాయనశాస్త్రం కూడా విప్పుతాడని ఆశ. ఈ ఆశను నేనూ నమ్ముతాను. చేదు మందు తేనెలో రంగరించడం మన నాటు వైద్యం. ఇప్పటి పాఠకుడికి ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి, వట్టికోట ఆళ్వారుస్వామిగారి ప్రజల మనిషి ముందు ఇస్తాను. ఆళ్వారుస్వామిగారు హోటల్లో సర్వరుగా పనిచేస్తూ చదువుకున్న మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు తనే మోసుకుని తిరిగి అమ్మారు. లక్ష్మణరావుగారి తోవలో నడిచినవారిలో నాకు అందరికంటే ఇష్టుడు. విశ్వనాథవారి వేయిపడగలు నేను మూడుసార్లు చదివాను, నాలుగోసారి చదువుతాను, అయినా కొత్తవాడికి మొదటి ఏడాదిలో మాత్రం ఇవ్వను. పొట్టి కథలు కావాలంటే చాసో, కొడవటిగంటి కుటుంబరావుగార్లు. ఇతర దేశాల నవలల రుచి చూడాలనుకునేవారికి మాలతీ చందూర్‌గారి పాత కెరటాలు. సైన్సు కావాలంటే మహీధర నళినీమోహన్‌గారిని మించినవారు లేరు. ఇంగ్లీషు రాదని సైన్సుకు దూరంగా ఉన్నవాళ్ళు ఆయన పుస్తకం ఒక్కటి విప్పి చూడండి.

ఇక లక్ష్మణరావుగారి చివరి పదేళ్ళ సంగతి. ఈ భాగం రాయడం నాకు కష్టంగానే ఉంది.

విడి విడి పుస్తకాలతో ఆయనకు తృప్తి తీరలేదు. ఇంగ్లీషువాళ్ళకు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా ఉన్నట్టు తెలుగువాడికి ఒక విజ్ఞాన సర్వస్వం ఉండాలనుకున్నారు. ఏ ఊళ్ళో ఉన్నవాడికి ఏ సందేహం వచ్చినా అక్షరక్రమంలో వెతుక్కుంటే తన భాషలో జవాబు దొరకాలి. ఒక విధంగా ఇది మొదటి పుస్తకం, చివరి పుస్తకం కూడా అదే. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదటి సంపుటం 1915లో వచ్చింది. మల్లంపల్లి సోమశేఖర శర్మగారు యువకుడిగా ఆ పనిలో చేరి, చరిత్ర పరిశోధన అక్కడే నేర్చుకున్నారు. వ్యాసాలు రాసేవారిని వెతకాలి, రాసినదాన్ని సరిచూడాలి, తెలుగులో లేని శాస్త్ర పదాలకు పదాలు పుట్టించాలి, అచ్చు దిద్దాలి. ఎవరూ రాయని వ్యాసాలు తనే రాయాలి. ఆయన స్వయంగా రాసినవి చాలా ఉన్నాయి. ఒకే మనిషి వేదాల గురించి, గణితం గురించి, శాసనాల గురించి అదే నిలకడతో రాయడం చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

మూడు సంపుటాలు వచ్చాయి. అక్షరమాల మాత్రం మొదట్లోనే ఆగిపోయింది. ఒక్కొక్క వ్యాసం చిన్న పుస్తకమంత పెరిగిపోతే, అకారాది నుంచి క్షకారం దాకా చేరడానికి ఎన్ని సంపుటాలు, ఎన్ని ఏళ్ళు, ఎంత సొమ్ము కావాలో గుమాస్తా బుద్ధితో లెక్క వేస్తే భయమేస్తుంది. మా ఆఫీసుల్లో అయితే ఆ ఎస్టిమేటు మొదటి రోజే వెనక్కి వచ్చేది. ఆయన ఈ లెక్క వేసుకోలేదని అనుకోను. దివానుగిరీ చేసిన మనిషికి లెక్కలు తెలియవా? తెలిసే మొదలుపెట్టారు. చిన్న చిన్న వ్యాసాలతో నాలుగు సంపుటాల్లో ముగించి ఉంటే పని పూర్తయ్యేది కదా అని వాదించేవారున్నారు. ఆ వాదనలో న్యాయం ఉంది. కొత్త పాఠకుడికి అప్పటికి కావలసింది పూర్తయిన చిన్న పుస్తకం. కాని తక్కువరకం సరుకు తెలుగువాడికి చాలులే అన్న మాట ఆయనకు గిట్టదు. ఇంగ్లీషువాడికి ఎంత లోతు ఉందో తెలుగువాడికీ అంత ఉండాలనేదే ఆయన పట్టుదల. ఈ రెండింటి మధ్య ఎటు తేల్చుకోవాలో నాకు ఇప్పటికీ తెగలేదు. మన సంఘంలో దీని మీద వాదించుకుంటే బాగుంటుంది.

మద్రాసులో ఆయన ఇంటి పేరు వేదవిలాస్. 1919లో వీరేశలింగం పంతులుగారు మద్రాసు వచ్చి ఆ ఇంట్లోనే ఉన్నారు. మే 27న అక్కడే కన్నుమూశారు. ఆనాడు అక్క రాసిన పుస్తకాన్ని లోకానికి చూపించిన పెద్దాయనకు తమ్ముడి ఇంట అంత్యకాలం గడిచింది. తరువాత నాలుగేళ్ళకు, 1923 జులై 12న, లక్ష్మణరావుగారు మద్రాసులోనే పోయారు. నలభై ఆరేళ్ళు. మనం రిటైరయ్యే వయసుకు ఎంతో ముందే ఆయన ఇన్ని పనులూ చేసి, ఒక పెద్ద పని సగంలో వదిలి వెళ్ళిపోయారు. మనకు ఆయన కంటే ఇరవై ముప్పై ఏళ్ళు ఎక్కువ దొరికాయి. పుస్తకం పట్టడానికి తీరిక లేదనే సభ్యులు ఒకసారి ఈ తీసివేత చేసి చూసుకోండి.

ఆయన మొదలుపెట్టిన పనిని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఎత్తుకుని మళ్ళీ సంపుటాలు వేశారు గాని ఆయన చేతుల్లోనూ అది తీరం చేరలేదు. స్వాతంత్ర్యం వచ్చాక తెలుగు భాషా సమితి వారు మరో పద్ధతిలో, విషయానికొక సంపుటం చొప్పున విజ్ఞాన సర్వస్వం తెచ్చారు. పడుచువాడిగా లక్ష్మణరావుగారి దగ్గర పని నేర్చుకున్న సోమశేఖర శర్మగారు ముసలితనంలో ఆ పనిలోనూ ఉన్నారు. హైదరాబాదులో 1922లో పుట్టిన ఆంధ్ర పరిశోధక సంఘం, లక్ష్మణరావుగారు పోయాక లక్ష్మణరాయ పరిశోధక మండలి అని పేరు మార్చుకుంది. తెలంగాణా శాసనాలను సేకరించి పుస్తకంగా వేసింది ఆ మండలే. ఆయన వ్యాసాలు లక్ష్మణరాయ వ్యాసావళి పేరుతో దొరుకుతాయి. పాత విజ్ఞాన సర్వస్వం సంపుటాలను ఇప్పుడు కంప్యూటరులోనే చూడవచ్చు. మనవడో మనవరాలో పక్కనుంటే ఒక పూట పని. భాష కాస్త పాతదిగా ఉందని వెనక్కి తగ్గకండి, పది పేజీలు పోయేసరికి అలవాటవుతుంది.

మరొక్క సంగతి. అక్క పోయిన మరుసటి ఏడు, 1906లో, లక్ష్మణరావుగారికి కూతురు పుట్టింది. ఆ బిడ్డకు అచ్చమాంబ అని అక్క పేరే పెట్టారు. ఆ పిల్ల పెరిగి డాక్టరై, విజయవాడలో చాలా ఏళ్ళు స్త్రీలకు వైద్యం చేశారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆమె తెలుగులో ప్రసూతి–శిశుపోషణ అనే పుస్తకం రాశారు. గర్భిణి ఏం తినాలి, పురిటిగది ఎలా ఉండాలి, పసిబిడ్డను ఎలా చూసుకోవాలి అన్నీ ఇంటి ఆడవాళ్ళు చదివి తెలుసుకునేలా చెప్పారు. మా పెద్దక్క తొలికాన్పుకు మా ఇంటికొచ్చినప్పుడు, మా ఊరి నర్సమ్మ మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని మా అమ్మకూ, చుట్టుపక్కల అమ్మలక్కలకూ ఒక పుస్తకం చదివి వినిపించేది. మా అమ్మకు చదవడం రాదు. నేను గోలీలాడుకుంటూ విన్నాను. ఆ పుస్తకం అట్ట మీద ఉన్న పేరు డాక్టరు కొమర్రాజు అచ్చమాంబ.